నాన్నగారు చెప్పే క్రాస్ రోడ్స్ చాయ్ రుచి నిజమే, కారణం మాత్రం వేరే ఉంది

మీ నాన్నగారు ఎనభైల్లో చిక్కడపల్లిలో గది అద్దెకు తీసుకుని చదువుకున్నారని, ఇప్పుడు ఎక్కడ చాయ్ తాగించినా "ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చాయ్ ముందు ఇదెంత" అంటారని రాశారు. అప్పటి తిండి నిజంగానే అంత బాగుండేదా, లేక వయసు మీద పడ్డాక అలా అనిపిస్తుందా అని అడిగారు. ఆయన్ని ఒక రోజు హైదరాబాద్ అంతా తిప్పాలనుకుంటే ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా చెప్పమన్నారు.

నేను 1983లో సూర్యాపేట నుంచి వచ్చి ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేరాను. నైజాం ఏరియా, అంటే సినిమా వాళ్ల లెక్కలో తెలంగాణ వైపు, మాది. ప్రింటు పెట్టెలతో థియేటర్‌కి వెళ్లడం, ఒక్కో షోకి ఏ క్లాసులో ఎన్ని టికెట్లు తెగాయో దగ్గరుండి చూసుకోవడం, సెకండ్ షో లెక్క తేలాక డీసీఆర్ మీద మేనేజర్ సంతకం తీసుకుని పొద్దున్నే ఆఫీసులో ఇవ్వడం, ఇదీ పని. డీసీఆర్ అంటే ఆ రోజు వసూళ్ల కాగితం. ఇరవై ఏడేళ్లు అదే చేశాను. అన్నేళ్లూ నా పొద్దున టిఫిన్ నుంచి అర్ధరాత్రి ఇడ్లీ దాకా అన్నీ థియేటర్ల చుట్టుపక్కలే. అందుకే మీ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పగలను.

చాయ్ అప్పుడు నిజంగానే బాగుండేది. నాన్నగారు చెప్పేది నూటికి నూరు పాళ్లు నమ్మండి. బిర్యానీ విషయంలో మాత్రం "అప్పుడే బాగుండేది" అని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఈ తేడా ఎందుకో చెప్తాను.

క్రాస్ రోడ్స్ చాయ్ అంటే ఇరానీ చాయ్. అందులో డికాషన్ వేరు, పాలు వేరు. ఆకును నీళ్లలో వేసి, గిన్నె మూతకి గుడ్డో పిండో చుట్టి ఆవిరి పోకుండా సన్నటి సెగ మీద దమ్ పెడతారు. పక్క పొయ్యి మీద పాలు చిక్కబడేదాకా మరుగుతూ ఉంటాయి. కప్పులో ముందు డికాషన్ పోసి, పైన పాలు పోసి ఇస్తారు. డికాషన్ దిగిన తర్వాత కొంతసేపే దాని మంచితనం. ఆ తర్వాత చేదెక్కుతుంది. పాలు కూడా అంతే, మరీ ఎక్కువసేపు పొయ్యి మీద ఉంటే మాడు వాసన పట్టుకుంటుంది. అంటే ఈ చాయ్ రుచి ఆకులో ఎంత ఉందో, గిన్నె ఎంత త్వరగా ఖాళీ అవుతుందన్నదాంట్లోనూ అంతే ఉంది.

ఇప్పుడు ఎనభైల నాటి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌ని ఊహించుకోండి. పక్కనే ముషీరాబాద్‌లో ఆర్టీసీ బస్ భవన్ ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది కానీ, జనానికి అది సినిమా చౌరస్తా. సుదర్శన్ 70 ఎంఎం, సుదర్శన్ 35, దేవి, సంధ్య రెండు హాళ్లు, సప్తగిరి, ఓడియన్, మయూరి, అన్నీ నడిచి తిరిగేంత దూరంలోనే. ఒక్కో హాల్లో రోజుకి నాలుగు షోలు. మార్నింగ్ షో, మ్యాటినీ, ఫస్ట్ షో, సెకండ్ షో. ప్రతి షోకి ముందు ఒక గుంపు, ఇంటర్వెల్‌లో ఒక గుంపు, వదిలాక ఒక గుంపు. ఏ హాల్లో ఇంటర్వెల్ ఎన్నింటికో చాయ్ మాస్టర్‌కి నాకంటే బాగా తెలుసు. గంట మోగేసరికి డికాషన్ దింపి సిద్ధంగా ఉంచేవాడు. పావుగంటలో గిన్నె అడుగు కనిపించేది. మళ్లీ కొత్త ఆకు, కొత్త పాలు. పొద్దున పదకొండు నుంచి రాత్రి పన్నెండున్నర దాకా పాత చాయ్ తాగే అవకాశమే ఉండేది కాదు.

మాలాంటి వాళ్లకి ఇంకో లెక్క కూడా ఉండేది. ఒక తెలుగు సినిమా అంటే పదిహేను దాకా రీళ్లు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ప్రింట్లు ఖరీదు కాబట్టి కొన్నిసార్లు ఒకే ప్రింటుతో రెండు థియేటర్లు నడిపేవాళ్లం. మొదటి హాల్లో అయిపోయిన రీళ్లను కుర్రవాడు సైకిల్ మీదో స్కూటర్ మీదో రెండో హాలుకి చేర్చాలి. అలాంటప్పుడు రెండు ఇంటర్వెల్స్‌కి మధ్య అరగంటో ముప్పావుగంటో తేడా ఉండేది. ట్రాఫిక్‌లో ఆ కుర్రవాడు చిక్కుకుంటే లోపల జనం ఈలలు వేసేవాళ్లు, నాకు టెన్షన్‌తో చెమటలు పట్టేవి. హోటల్ ముందు సైకిల్ దూసుకుపోవడం చూసి, గల్లాపెట్టె దగ్గరున్న ఆయన లోపలికి కేకేసి పాలు పొయ్యి ఎక్కించమనేవాడు. మా రీళ్లను బట్టి వాళ్ల పాలు కాగేవి.

థియేటర్లు తగ్గేకొద్దీ ఆ జనం తగ్గారు. మల్టీప్లెక్స్ వచ్చాక సినిమాకి వెళ్లినవాడు ఇంటర్వెల్‌లో రోడ్డు మీదికి రాడు, రానివ్వరు కూడా. 2003లో ప్రసాద్స్ తెరిచిన కొత్తలో నేను కూడా ఎంతో సంబరంగా వెళ్లాను. ఆ తెర, ఆ సౌండు చూసి నోరు తెరిచిన మాట నిజం. కానీ ఇంటర్వెల్‌లో లోపలే పాప్‌కార్న్ కొనుక్కుని నిలబడ్డప్పుడు మొదటిసారి గుండెలో కలుక్కుమంది. బయట చాయ్ మరిగిస్తున్నవాళ్ల గతి ఏమిటని. తర్వాత పదేళ్లలో నాకు తెలిసిన నాలుగు ఇరానీ హోటళ్లు మూతబడ్డాయి. ఒకదాంట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మూలమీది స్థలం కాబట్టి అద్దె, భూమి ధర రెండూ ఆకాశానికి పోయాయి. కప్పు చాయ్‌కి గంటసేపు కుర్చీ ఇచ్చే వ్యాపారం ఆ ధరలకి తట్టుకోలేదు. యజమానుల పిల్లలు చదువుకుని వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. వాళ్లని నేను తప్పుపట్టను.

నాన్నగారిని అడగండి, ఆయన గుర్తుపెట్టుకున్నది చాయ్ ఒక్కదాన్నేనా అని. తెల్ల పాలరాతి బల్ల, వంపు చెక్క కుర్చీ, గోడకి అద్దాలు. కూర్చోగానే అడక్కుండానే ఒక ప్లేటు చిన్న ఉల్లిపాయ సమోసాలు, ఇంకో ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి పెట్టేసేవాళ్లు. ఎన్ని తింటే అన్నింటికే డబ్బు. లేచేటప్పుడు సర్వర్ ప్లేటు వైపు ఒక్క చూపు చూసి, అక్కడి నుంచే గల్లాపెట్టె దాకా వినపడేలా "దో చాయ్, చార్ సమోసా, దో బిస్కిట్" అని అరిచేవాడు. రాత లేదు, కాగితం లేదు. నేను ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా లెక్క తప్పగా చూడలేదు. జేబులో డబ్బు తక్కువుంటే వన్ బై టూ. ఒక చాయ్, ఇద్దరు మనుషులు. రెండోవాడు సాసర్‌లో పోసుకుని తాగేవాడు. చదువుకునే కుర్రాళ్లని "లేవండి" అన్నవాళ్లు లేరు. ఆబిడ్స్ ఓరియెంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు గంటలకొద్దీ కూర్చునేవారని పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. క్రాస్ రోడ్స్‌లో కవులకంటే నిరుద్యోగులు ఎక్కువ, అయినా మర్యాద అదే.

సినిమా టాక్ పుట్టేది కూడా అక్కడే. ఇది బయటివాళ్లకి తెలియని విషయం. శుక్రవారం మార్నింగ్ షో ఇంటర్వెల్‌లో మా ఆఫీసు నన్ను హాల్లో ఉండమనేది కాదు, ఎదురు హోటల్లో కూర్చోమనేది. చాయ్‌కి వచ్చినవాళ్లు బెల్లు వినపడగానే సగం కప్పు వదిలేసి పరుగెడితే సినిమా నిలబడ్డట్టే. బెల్లు మోగాక కూడా ఇంకో వన్ బై టూ చెప్పారంటే మా పని అయిపోయినట్టు. నేను ఎదురుగా ఉన్న మందుల షాపు నుంచి ఆఫీసుకి ఫోన్ చేసి, "సగం మంది లోపలికి పోలేదండీ" అని చెప్పిన రోజులు ఉన్నాయి. పత్రికల్లో రివ్యూ వచ్చేలోపే మాకు లెక్క తెలిసేది. 1986లో 'సింహాసనం' వచ్చింది. తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా అది, స్టీరియో సౌండుతో. ఆ వారం చాయ్ బల్లల దగ్గర కథ గురించి ఎవరూ మాట్లాడలేదు. శబ్దం ఏ వైపు నుంచి వచ్చిందో చేతులు ఊపుతూ చూపించుకునేవాళ్లు. పక్క బల్లవాడు వచ్చి కలిసేవాడు. ఆ మాటలు వింటూ తాగిన చాయ్ ఎలా మరిచిపోతాం?

ఇక బిర్యానీ. నాన్నగారికి కాస్త కోపం వచ్చినా చెప్పాల్సిందే. అప్పుడు క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల మంచి కచ్చీ గోష్త్ బిర్యానీ దొరికేది, ఒప్పుకుంటాను. కానీ రోజూ ఒకేలా ఉండేది కాదు. మాంసం ఒక రోజు మెత్తగా, ఒక రోజు గట్టిగా. పచ్చి మాంసాన్ని మసాలా పట్టించి, సగం ఉడికిన బియ్యం కింద పెట్టి దమ్ చేసే పద్ధతి కాబట్టి సెగ ఏమాత్రం అటూఇటూ అయినా చెడిపోతుంది. సెకండ్ షో వదిలాక దొరికేది డేగ్చీ అడుగున మిగిలింది. ఇరవై ఏళ్ల వయసులో, మూడు గంటలు ఖాళీ కడుపుతో సినిమా చూసి బయటికి వచ్చినవాడికి ఏదైనా అమృతమే. ఈ రోజుల్లో మంచి హోటల్ అంటే ప్రతి గంటకీ డేగ్చీ దిగుతుంది. గిన్నె త్వరగా ఖాళీ అయ్యే అదృష్టం చాయ్ నుంచి పోయి బిర్యానీకి వచ్చింది. సంధ్య దగ్గరి బావర్చీలో జనం విరగబడే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి తినండి, జనం పల్చబడ్డ సాయంత్రం అయిదింటికి తినండి, తేడా మీకే తెలుస్తుంది. నన్నడిగితే మటన్ బిర్యానీయే తినాలి. ఇప్పుడు ఎక్కడ చూసినా చికెనే ముందుంటోంది, అది నాకు బాధగానే ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. నాన్నగారి జ్ఞాపకాల్లో అమ్మగారు ఆ హోటల్లో కూర్చున్న దృశ్యం ఉందేమో అడిగి చూడండి. ఉండకపోవచ్చు. చాలా ఇరానీ హోటళ్లలో ఆడవాళ్లకి పక్కన 'ఫ్యామిలీ' అని ఒక తెర కట్టిన గది, అదీ ఉంటే. మా ఆవిడని పెళ్లైన కొత్తలో మ్యాటినీకి తీసుకెళ్లి, ఇంటర్వెల్‌లో చాయ్‌కి బయటికి రమ్మంటే చుట్టూ మగవాళ్లని చూసి వెనక్కి వెళ్లిపోయింది. హాల్లో ఆడవాళ్ల టాయిలెట్ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. ఇప్పుడు అమ్మాయిలు స్నేహితులతో వచ్చి నీలోఫర్‌లోనో నిమ్రాలోనో హాయిగా కూర్చుని చాయ్ తాగుతుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. పాత రోజులు బాగున్నాయన్నప్పుడు ఎవరికి బాగున్నాయో కూడా చూసుకోవాలి.

తిండి కాక పోయినవి ఇంకా ఉన్నాయి, వాటి గురించి నాన్నగారితో మాట్లాడితే ఆయన ముఖం వెలిగిపోతుంది. హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు, పల్చటి రంగు కాగితం మీద అచ్చువేసినవి. ఇంటర్వెల్‌లో గోల్డ్ స్పాట్. 1993లో ఆ కంపెనీ పానీయాలని కోకా కోలా కొనుక్కున్నాక థమ్సప్ మిగిలింది, గోల్డ్ స్పాట్ మెల్లగా కనుమరుగైంది. వివిధ భారతిలో జనరంజని, దూరదర్శన్‌లో శుక్రవారం చిత్రలహరి. చిత్రలహరి టైములో ఫస్ట్ షోకి ఫ్యామిలీలు తగ్గేవి, ఆ లెక్క నా డీసీఆర్‌లలో కనిపించేది. సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాకా నడిచిన 7జడ్ డబుల్ డెక్కర్ పైఅంతస్తులో ముందు సీటు కోసం పరుగెత్తని కుర్రాడు లేడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. ఇది మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆ ఒక్క రోజు ప్రయాణం సంగతి. చార్మినార్‌తో మొదలుపెట్టకండి, అది చుట్టాలకి చూపించే దారి. నాన్నగారి దారి వేరు. మామూలు పనిదినం, సోమవారమో మంగళవారమో చూసుకోండి. మెట్రోలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషన్‌లో దిగండి. 2020లో తెరిచిన ఆ స్టేషన్ పైనుంచి చూస్తే చౌరస్తా మొత్తం కనిపిస్తుంది. ఆయన్ని అక్కడ కాసేపు నిలబడనివ్వండి. సుదర్శన్ 70 ఎంఎం లేదు, పాత ఓడియన్ లేదు. ఏది ఎక్కడుండేదో ఆయనే వేలుతో చూపిస్తారు, తొందరపెట్టకండి.

తర్వాత దేవి, సంధ్య, సుదర్శన్ 35లలో ఏది నడుస్తుంటే దాంట్లో మార్నింగ్ షో. సినిమా ఏదన్నది ముఖ్యం కాదు. బాల్కనీ టికెట్ తీసుకోండి, కానీ మోకాళ్ల నొప్పులుంటే మెట్ల సంగతి ముందే అడగండి. ఇంటర్వెల్‌లో ఆయన్ని బయటి గాలికి తీసుకెళ్లండి, చాయ్ మాత్రం అప్పుడు వద్దు. సినిమా అయ్యాక నేరుగా బిర్యానీ. షుగర్ ఉంటే ఒక సింగిల్‌ని ముగ్గురు పంచుకోండి, సాలన్ ఎక్కువ అడగండి.

చాయ్‌కి సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య వెళ్లండి. నేను ఇంతసేపు గిన్నె గురించి చెప్పింది అందుకే. ఇప్పుడు షోల టైములు లేవు, ఆఫీసుల టైములున్నాయి. జనం విరగబడే వేళే తాజా చాయ్ దొరికే వేళ. లక్డీకాపూల్ వైపు నీలోఫర్ అయినా, సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా అయినా పరవాలేదు. ఖాళీగా ఉంది కదా హాయిగా కూర్చోవచ్చని మధ్యాహ్నం మూడింటికి వెళ్తే ఆయన మళ్లీ "అప్పటి రుచి లేదు" అంటారు, ఆ మాట నిజమే అవుతుంది కూడా. కుర్చీ దొరక్కపోతే నిలబడి తాగండి. బిస్కెట్లు ఇంటికి కావాలంటే నాంపల్లి సుభాన్ బేకరీలో ఉస్మానియా తీసుకోండి. కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉండి చాయ్‌లో ముంచగానే విరగకుండా ఒక్క క్షణం ఆగుతుంది, అదే దాని గొప్ప.

ఓపిక ఉంటే అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్. 1935 నాటి ఆ రాతి కట్టడాన్ని ఈమధ్య బాగుచేసి దీపాలు పెట్టారు. సీతాఫలం సీజన్ అయితే అక్కడి ఐస్‌క్రీమ్ తప్పకుండా తినండి. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను మధ్య వెళ్తే నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్ పక్కనే. 1938లో మొదలైంది అది, నాన్నగారు అక్కడ మిర్చి బజ్జీ తినకుండా ఉండరు. రంజాన్ నెల అయితే వీటన్నింటినీ పక్కనపెట్టి సాయంత్రం హలీంకి వెళ్లండి. గోధుమ, మాంసం, నెయ్యి కలిపి గంటలకొద్దీ ఘోట్నీతో దంచుతారు, భట్టీ పక్కన నిలబడి చూడటమే ఒక పండగ. 2010లో హైదరాబాద్ హలీంకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరిదే అన్న ముద్ర, వచ్చినప్పుడు మా ఆఫీసులో స్వీట్లు పంచుకున్నాం.

మీరు మాత్రం ఆ రోజు ఫోన్‌లో రేటింగులు చూసి ఆర్డర్ ఇవ్వకండి. నాన్నగారినే చెప్పనివ్వండి, సర్వర్‌తో ఆయన హిందీలోనే మాట్లాడనివ్వండి. ఎవరైనా అడక్కుండా సమోసా ప్లేటు తెచ్చి బల్ల మీద పెడితే "మేము చెప్పలేదు" అని వెనక్కి పంపకండి. ఎన్ని తినాలో, ఎన్ని వదలాలో ఆయనకి తెలుసు.